పదకొండో మలుపుకి పైన

బొటనవేలికి పసుపు రంగు అంటలేదు. చేతులు కడుక్కుంటూ, నురగలో వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ, ఊరికే అలా చూసుకున్నాను, మరక లేదు. నా పెయింటు పెన్ను కారుతుంది. దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ కుడి బొటనవేలి గోరు పక్కన పసుపుపచ్చ మరక పడుతుంది, ఎంత రుద్దినా రెండు రోజులు పోదు. ఇవాళ వేలు శుభ్రంగా ఉంది. మరక లేదంటే పెన్ను ముట్టుకోలేదు. పెన్ను ముట్టుకోలేదంటే నట్ల మీద గీత గియ్యలేదు. రెండు నట్లూ బిగించాకే గీత గీస్తాను, నాలుగేళ్లుగా అదే పద్ధతి, అంటే రెండో నట్టు బిగించలేదు. కుళాయి పారుతూనే ఉంది. తమ్ముడు కారు తీసుకుని వెళ్లి ఇరవై నిమిషాలయింది. తడిచేత్తోనే ఫోను చేశాను. వాడి ఫోను నా వెనకే, పనిబల్ల మీద, స్పానర్ల ట్రేలో బుర్రుమని తిరిగింది. "ఆ సీట్లో కూర్చుంటే జేబులో ఫోను తొడలో గుచ్చుకుంటుందక్కా" అంటాడు, ఎప్పుడూ తీసి అక్కడ పడేసి వెళ్తాడు, ఇవాళా పడేసి వెళ్లాడు. తెర మీద "బుష్షక్క" అని వెలుగుతోంది. ఏ కారు వచ్చినా ముందు రబ్బరు బుష్‌లు చూడాలంటానని డ్రైవర్లు నాకు పెట్టిన పేరు, వాడు దాన్ని ఫోన్లో కూడా ఎక్కించాడు. మోగి మోగి ఆగిపోయింది.

వ్యాను తాళం కోసం మేకుకి తగిలించిన తాళాలన్నీ కింద పడేశాను. షట్టరు దించలేదు, కుళాయి కట్టలేదు, ఈ రెండూ ఊరు దాటాక గుర్తొచ్చాయి, గుర్తొచ్చి ఏం లాభం, నాకు గుర్తు రావాల్సింది వేరే ఉంది. సస్పెన్షన్ పనికి పేరుమోసిన షెడ్డు మాది, మా వ్యానుకి మాత్రం సస్పెన్షన్ అనేదే లేదు, చిన్న గుంటకే వెనక డబ్బాలన్నీ లేచి పడుతున్నాయి. కొండ రోడ్డు పద్దెనిమిది కిలోమీటర్లు, పంతొమ్మిది మలుపులు, ప్రతి మలుపు దగ్గరా తెల్లరాయి మీద నల్ల అంకె, కింద నుంచి లెక్క. వాడు పైదాకా వెళ్తాడు, కొండ మీద కార్లు నిలిపే చోట తిప్పుకుంటాడు, దిగుతాడు. పదకొండో మలుపు ఎక్కేవాళ్లతో మర్యాదగానే ఉంటుంది. దిగేవాళ్లని సగం దాకా రమ్మని పిలిచి, అక్కడి నుంచి ఇంకా ముడుచుకుంటుంది. నాలుగేళ్ల కింద కారు తిరిగిపోయింది అక్కడే. ఇవాళ వాడు వెళ్లింది కూడా దాని కోసమే. వాడు దిగడం మొదలుపెట్టేలోపు నేను పదకొండుకి పైన ఉండాలి. ఇరవై నిమిషాలు. ఈపాటికి వాడు పైన ఉంటాడు. కిందికి తిరుగుతూ ఉంటాడు. కాదు, పైన కాసేపు ఆగుతాడు, ఎప్పుడూ ఆగుతాడు, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి దాంతో ఏదో మాట్లాడతాడు, ఆ పిచ్చి వాడికి చిన్నప్పటి నుంచీ ఉంది. ఆగరా. ఈ ఒక్క రోజు కాస్త ఎక్కువసేపు మాట్లాడు దాంతో.

ఆ కారుని మా ఇంట్లో కప్ప అంటాం. పొట్టిగా, వెడల్పుగా, నేలకి కరుచుకుని కూర్చుంటుంది, రెండే సీట్లు, ఆ సీట్ల వెనక, వీపుకి జానెడు దూరంలో ఇంజను. ముప్పై మూడేళ్ల బండి. ఇంజను ముందున్న కార్లు తప్పు చేస్తే మొద్దుగా తిన్నగా పోతాయి, మనిషికి సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తాయి. ఇది ఇవ్వదు. బరువంతా నడుము దగ్గర పెట్టుకుని మలుపులో నాట్యం చేస్తుంది, యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నంతసేపు వెనక చక్రాలు నేలని పట్టుకుని ఉంటాయి, భయపడి కాలు తీశావో, బరువు ముందుకి తూలుతుంది, వెనక తేలికపడుతుంది, ఆ వెనక భాగం ముందుకొచ్చి రోడ్డు ఎలా ఉందో తానే చూస్తానంటుంది. అందుకే దాని వెనక చక్రాలు ఎటు చూస్తున్నాయో వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టాలి. ఒక్కో చక్రానికి ఒక్కో సన్నటి కడ్డీ ఉంటుంది, చక్రాన్ని తిన్నగా పట్టి ఉంచేది అదే, దాని పొడవు తిప్పి సరిచేస్తాం, సరిచేసింది మళ్లీ కదలకుండా ఒక నట్టు బిగిస్తాం. ఆ నట్టు వదులైతే కడ్డీ తనంతట తాను తిరుగుతుంది, పొడవు మారుతుంది, చక్రం తనకి తోచిన వైపు చూస్తుంది. స్టీరింగు నీ చేతిలో ఉంటుంది, కారు వేరే ఎవరి మాటో వింటూ ఉంటుంది.

ఆరు నెలలు, ప్రతి ఆదివారం, వాడూ నేనూ. టార్పాలిన్ కింద మూడున్నరేళ్లు పడి ఉన్న బండిని బయటికి లాగిన రోజున వాడన్నాడు, "అక్కా, దీన్ని నన్ను క్షమించే బండిలా చెయ్యగలవా?" నవ్వుతూనే అన్నాడు. నేను వంగి జాకీ కోసం వెతుకుతున్నట్టు నటించాను. బుష్‌లన్నీ మార్చాను, పాతవి వేలితో నొక్కితే బిస్కెట్టులా రాలిపోయాయి. షాకులు నాలుగూ కొత్తవి, స్ప్రింగులు కాస్త గట్టివి, ఎత్తు వేలు మందం తగ్గించాను, ముందు అడ్డకడ్డీ లావుది వేశాను, అలా చేస్తే వెనక తోక తొందరగా లేవదు. ఒక ఆదివారం వాడు పెరట్లో చుట్టూ తిప్పి వచ్చి, "ముందు ముక్కు మొండికేస్తోందే" అన్నాడు, మరో ఆదివారం "ఇప్పుడు అత్తారింటికి వచ్చినదానిలా మరీ ఒద్దికగా ఉంది, కొంచెం ప్రాణం పెట్టు" అన్నాడు. వాడి నడుముకి తెలిసినంత నా కొలత పలకలకి తెలియదు. పని చేస్తూ పాటలు పాడాడు, చెప్పలేనంత చెండాలంగా పాడాడు. నేను కూడా పాడాను. ఎలా పాడానో. ఎలా పాడగలిగానో.

మూడో మలుపు. ముందు లారీ, రాళ్ల లోడు. హారన్ కొట్టాను, లారీ డ్రైవరు చెయ్యి బయటికి పెట్టి ఆగు ఆగు అన్నాడు, ఆగే టైము నాకెక్కడిది, మలుపు లోపలి నుంచే దూర్చాను, అద్దం రాసుకుంది, "చావడానికి తొందరా తల్లీ!" అని అరిచాడు. కాదన్నా, చావు ఆపడానికి. పొద్దున. పొద్దున్నే మొదలుపెట్టు, వరసగా గుర్తు తెచ్చుకో. కొలత పలకల మీద బండి పెట్టాను, వెనక చక్రాలు రెండూ ముక్కులు కొద్దిగా లోపలికి చూసేలా పెట్టాను, నట్లు వేళ్లతో తిప్పి వదిలాను. పెరట్లో నాలుగు చుట్లు తిప్పమన్నాను, స్ప్రింగులు తమ చోట్లో తాము కూర్చోవాలి కదా. తిప్పాడు. పిట్ మీదికి తెచ్చాడు. నేను కిందికి దిగాను. టార్క్ రెంచి చేతిలో ఉంది, కావలసినంత బిగుతు రాగానే టక్‌మంటుంది అది, ఆ టక్ వినపడితేనే బిగిసినట్టు. కుడి నట్టు. టక్. విన్నాను, ఒట్టు, కుడిది విన్నాను. పిట్‌లోంచి పైకి చూస్తే వాడి బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి, ఎడమ బూటు మడమ నేలకి తాటిస్తున్నాడు, ఏదో చెప్పబోయే ముందు అలా తాటిస్తాడు. నేను ఎడమ వైపుకి జరిగాను. రెంచి నట్టు మీద పెట్టాను. పెట్టానా? పెట్టాను. అప్పుడు వాడన్నాడు, వదిలి వెళ్లిపోయిన భార్య గురించి. "అక్కా, ఇవాళ పదకొండులో కాలు తియ్యకుండా వస్తే, సాయంత్రం తనకి ఫోన్ చేస్తా. తప్పు నాదే, ఆ రోజు నేనే కాలు తీశాను, ఇన్నాళ్లూ తియ్యలేదని అబద్ధమాడాను అని చెప్పేస్తా. ఒప్పుకుంటే వస్తుందేమో." ఆ తర్వాత ఏం లేదు. ఆ తర్వాత నా బుర్రలో ఏమీ లేదు. బూట్లు వెళ్లిపోవడం చూశాను. ఇంజను మోగింది. నేను సబ్బు అందుకున్నాను. నట్టుకీ సబ్బుకీ మధ్య ఎన్ని నిమిషాలో, ఆ నిమిషాల్లో నా చేతులు ఏం చేశాయో, ఎంత తవ్వినా దొరకడం లేదు. టక్ కోసం వెతుకుతున్నాను. ఇవాళ్టి టక్ కోసం వెతికితే వేరే టక్ వినపడుతోంది.

నాలుగేళ్ల కింద నా పద్ధతి వేరు. పిట్‌లోకి రెండుసార్లు దిగడానికి బద్ధకం. నట్లు వేళ్లతో తిప్పి వదిలేసినప్పుడే పసుపు గీతలు కూడా గీసేసేదాన్ని, ఒక పని అయిపోతుంది కదా అని, పెరట్లో తిప్పి తెచ్చాక బిగించేదాన్ని. గీత ఎందుకంటే, నట్టు మీదా కడ్డీ మీదా కలిపి ఒకటే గీత గీస్తే, నట్టు కదిలినప్పుడు గీత తెగుతుంది, దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. మా నాన్న చెప్పిన క్రమం ముందు బిగింపు, తర్వాత గీత. నేను తిరగేశాను. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు, ఏమీ కానంతకాలం తెలివైన పద్ధతే. ఆ రోజు వాడూ, నా మరదలూ కొత్తగా ఉతికిన బట్టల్లో వచ్చి నిలబడ్డారు, పెళ్లయి ఏడాది నిండిన రోజు, "వదినా, ఇవాళైనా ఆయన్ని నాకు అప్పగిస్తారా, లేక బోల్టులకే ఇచ్చేస్తారా" అని మరదలు నవ్వింది. నేను టార్చి వేసి పైనుంచే వంగి చూశాను. రెండు నట్ల మీదా పసుపు గీతలు మెరుస్తున్నాయి. అయిపోయింది తీసుకెళ్లండి అన్నాను. నేను గీసిన గీత నన్నే నమ్మించింది.

అయిదు. ఆరు. ఎదురుగా వచ్చిన ప్రతి బండీ ముందు ఎర్రగా కనిపిస్తోంది, దగ్గరికి వచ్చాక వేరే రంగులోకి మారుతోంది. వాడు ఎదురుపడితే ఏం చెయ్యాలి? లైట్లు కొట్టాలా? హారన్ కొట్టాలా? చెయ్యి ఊపాలా? నన్ను చూడగానే వాడు చేసే మొదటి పని ఏమిటి, అక్క ఇక్కడేంటి అని కాలు తీస్తాడు. మలుపులో ఉండగా కాలు తీస్తే, ఎడమ నట్టు వదులుగా ఉంటే, వాడిని చంపేది నట్టు కాదు, నా లైట్లు. అరిచి ఆపాల్సిన మనిషి కనపడకుండా ఉండాలి, కనపడకపోతే ఆపలేదు. తిన్నని రోడ్డు మీదే కనపడాలి. పదకొండుకీ పన్నెండుకీ మధ్య తిన్నగా కాస్త దూరం ఉంది, అక్కడ ఒక పక్క కొండ, ఒక పక్క పిట్టగోడ. అక్కడికి చేరాలి. అంతకు ముందు ఎదురుపడకు. ఎదురుపడకురా నాయనా. ఏడు. గేరు పడలేదు, గర్రుమంది, అయ్యో నా తల్లీ పడవే అని వ్యానుని బతిమాలాను.

యాక్సిడెంటు అయిన కారుని అదే సాయంత్రం మా పెరట్లోకే లాక్కొచ్చి దించారు. ఎక్కడికి తెస్తారు మరి. మరదలికి తుంటి ఎముక విరిగింది, ఆస్పత్రిలో ఉంది, వాడి తలకి కుట్లు, వాడూ అక్కడే. నేను ఒక్కదాన్నే పెరట్లో. ఎవరూ రాకముందే కిందికి దూరాను. కుడి గీత నిండుగా ఉంది. ఎడమ గీత రెండు ముక్కలుగా ఉంది, సగం నట్టు మీద, సగం కడ్డీ మీద, మధ్యలో గోరంత ఎడం. ఎంతసేపు చూశానో తెలియదు. ఆ తర్వాత నా చేతులు చేశాయి, అప్పుడు కూడా చేతులే, థిన్నర్‌లో గుడ్డ ముంచి గీత తుడిచాయి, రెంచి అందుకుని బిగించాయి. టక్. అదీ నాకు వినపడుతున్న టక్. మర్నాడు యాక్సిడెంటు బండిని పరీక్ష చెయ్యడానికి వచ్చిన పెద్దమనిషి నట్టు తిప్పి చూసి, "ఇవన్నీ బిగుతుగానే ఉన్నాయే, మరి నడిపినవాడి తప్పే అయుండాలి" అన్నాడు. నేను తల ఊపాను. ఎందుకు ఊపావు అంటే ఏం చెప్పను, నాన్న పెట్టిన షెడ్డు, ఈ పనిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే, ఆడది బిగించిన నట్టు అంటారని, ఇవన్నీ తర్వాత అల్లుకున్నవి. ఊపినప్పుడు ఏ కారణమూ లేదు. భయం ఒక్కటే ఉంది. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద వాడు నెత్తిన కట్టుతో కూర్చుని, "అక్కా, నేను కాలు తియ్యలేదు. నాకు బాగా తెలుసు. తియ్యలేదు కదా?" అని నా మొహంలోకి చూశాడు. అందరిలో నన్నే అడిగాడు. నేను చెప్పిన మాట ఇది. "తీసే ఉంటావురా. అలాంటప్పుడు మనకి తెలియదు. ఆ కారు అంతే."

వాడు మూడు నెలలు తియ్యలేదు అన్నాడు. మరదలు మంచం మీద పడుకుని వింది, నడక నేర్చుకుంటూ వింది, చివరికి ఒక రోజు నా ఎదురుగానే అంది, "తుంటి విరిగినందుకు కాదు నా బాధ. తప్పు చేసి ఒప్పుకోని మనిషితో ఎలా ఉండను? మీ అక్క కూడా మీరు తీశారనే అంటున్నారు కదా." వాళ్ల అక్కగారింటికి వెళ్లిపోయింది. మీ అక్క కూడా. ఆ 'కూడా' వినపడ్డాక అయినా నోరు తెరవచ్చు కదా. తెరవలేదు. ఆ తర్వాత వాడే మారాడు. మెల్లగా, తియ్యలేదు పోయి, తీశానేమో వచ్చింది, తీశానేమో పోయి, తీశాను అయింది. నేను చూస్తుండగానే నా అబద్ధం వాడి జ్ఞాపకంగా మారిపోయింది. ఇప్పుడు వాడికి యాక్సిలరేటర్ మీద నుంచి తన కాలు లేవడం కళ్లకి కట్టినట్టు గుర్తుందట. నాకు చూపించాడు, స్టూలు మీద కూర్చుని, "ఇదిగో ఇలా, ఇంత లేచిందక్కా" అని. నేను బాగా చూశాను కూడా.

తొమ్మిది. పది. క్లచ్ వదిలితే వ్యాను కుప్పిగంతులు వేస్తోంది. వాడు ఇవాళ పోతే, పోతే అనే మాట ఎలా అనుకుంటున్నావే, అనుకో, పోతే, వాడు కాలు తీశానని నమ్ముతూ పోతాడు. జనం మళ్లీ తీశాడు అంటారు. నేను మళ్లీ థిన్నర్ గుడ్డ పట్టుకుంటానా? పట్టుకోను అని గట్టిగా అనలేకపోతున్నాను. పదకొండు. పిట్టగోడలో కొత్త రాళ్లు, పాతవాటికంటే తెల్లగా, నాలుగేళ్లయినా రంగు కలవలేదు. అవి అలాగే ఉన్నాయి. పగలలేదు. రోడ్డు మీద అద్దం పెంకులు లేవు. రెండు టైరు చారలున్నాయి, నల్లగా, తాజాగా, మలుపు మధ్యలో కొద్దిగా పక్కకి జరిగి మళ్లీ సర్దుకున్నాయి. ఎవరివి? దిగేవైపు చారలు. వాడు దిగేశాడా? దిగితే నాకు ఎదురు రావాలి కదా. గోడ దాటి తొంగి చూడాలంటే వ్యాను ఆపాలి, ఆపితే పైకి వెళ్లే టైము పోతుంది, చూడకుండా వెళ్తే... ఆపేశాను. దూకి గోడ దగ్గరికి పరిగెత్తాను. కింద పొదలు, ఒక ప్లాస్టిక్ సీసా, ఏదో పిట్ట. అంతే. పిట్ట నా వైపు చూసి ఎగిరిపోయింది.

అప్పుడు వినపడింది. పైన, కొండ వెనక, ఆ గొంతు. వెయ్యి ఇంజన్ల మధ్య ఉన్నా గుర్తుపడతాను. గేరు తగ్గించాడు, మళ్లీ తగ్గించాడు, పద్నాలుగు దగ్గరున్నాడు, దిగుతున్నాడు. వ్యానుని తిన్నని రోడ్డు మీదికి లాగి కొండ పక్కన పడేసి, రోడ్డు మధ్యలోకి వచ్చి నిలబడ్డాను. ఎక్కడ నిలబడాలి? పన్నెండులోంచి బయటపడి కారు తిన్నగా అయ్యాకే నేను వాడికి కనపడాలి. నాలుగడుగులు వెనక్కి. ఇంకో నాలుగు. ఇక్కడ. చేతులు ఊపకు. మామూలుగా నిలబడు. పదమూడు. గొంతు కొండకి తగిలి రెండయింది. పన్నెండులోకి దిగాడు, గొంతు మారింది, బరువు మోస్తున్న గొంతు, కాలు మీదే ఉంది, తియ్యకు, తియ్యకు, తియ్యకు, ఎడమ చక్రం మోస్తోంది ఇప్పుడు బరువంతా, ఆ కడ్డీ మోస్తోంది, ఆ నట్టు. కనపడ్డాడు. ఎర్రగా, నేలబారుగా, వెనక భాగం గీత గీసినట్టు వస్తోంది. కారు తిన్నగా అయింది. నన్ను చూశాడు. ముక్కు కిందికి వంగింది, తిన్నగా, ఎటూ ఊగకుండా, నాకు పదడుగుల దూరంలో ఆగింది.

"అక్కా? ఏమైంది? ఎవరికేమైంది?" తలుపు తీసి దిగుతూనే అరిచాడు. వ్యానులోంచి రెంచి లాక్కుని, తారు మీద వెల్లకిలా పడుకుని, వెనక ఎడమ చక్రం లోపలికి చెయ్యి పెట్టాను. సైలెన్సరు వేడికి ముంజేయి చుర్రుమంది. వేళ్లతో నట్టు పట్టుకుని తిప్పాను, కదల్లేదు. రెంచి పెట్టి లాగాను. పిసరంత కూడా తిరగలేదు, పెట్టగానే టక్. మళ్లీ లాగాను. టక్. బిగించాను. పొద్దున బిగించాను, నా చేతులు బిగించాయి, ఆ మాట విన్న బుర్ర ఎక్కడికో పోయింది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుని, గీత గియ్యడం మానేసి, వెళ్లి సబ్బు అందుకున్నాయి. అక్కడే కారు కింద పడుకుని ఏడ్చాను. వాడు మోకాళ్ల మీద కూర్చుని వంగి, గీత లేని నట్టు వైపు చూస్తున్నాడు.

"గీత గియ్యడం మర్చిపోయి కొండ ఎక్కేశావా? బుష్షక్క అని కాదు, పిచ్చక్క అని పెట్టాల్సింది నీకు పేరు. లే, చొక్కా అంతా మసి. లేవవే." చెయ్యి ఇచ్చి లేపాడు. మొహం వెలిగిపోతోంది వాడికి. నన్ను చూసి కాదు. "పదకొండులో వచ్చానక్కా. రెండుసార్లు, ఇప్పుడు మూడోసారి దిగుతున్నా. మొదటిసారి కాలు తియ్యకుండా వచ్చా, కింద పదో మలుపు దగ్గర తిప్పుకుని మళ్లీ పైకి పోయా. ఇంకోసారి వచ్చి ఏం చేశానో తెలుసా? కావాలనే తీశా. సరిగ్గా మధ్యలో, మొత్తం తీసేశా."

"కావాలనా?"

"మెల్లగానేలే, భయపడకు. ఏం కాలేదక్కా! వెనక ఇంత ఊగింది, ఊగి తనే సర్దుకుంది. కూర్చుంది. ఏం సస్పెన్షన్ చేశావే నువ్వు! క్షమించే బండి అడిగా, ఇచ్చేశావు." నవ్వాడు, నవ్వుతూ ఒక్క క్షణం ఆగాడు, కనుబొమలు ముడిపడ్డాయి. "కాలు మొత్తం తీసినా తిరగలేదు. మరి ఆ రోజు..." వాడే తల విదిలించుకున్నాడు. "అవునులే, అప్పుడు పాత బుష్‌లు కదా. షాకులు కూడా చచ్చి ఉన్నాయి. ఇప్పుడంటే నువ్వు బాగుచేశావు కాబట్టి."

తలుపు తెరిచి పెట్టాడు నాకు. ఎంత మంచి తలుపు. అవునురా, పాత బుష్‌లు, అంటే చాలు. నట్టు బిగుతుగా ఉంది, వాడు బతికే ఉన్నాడు, సాయంత్రం ఫోను చేస్తాడు, చెయ్యని తప్పు ఒప్పుకుంటాడు, ఆమె కరిగి రావచ్చు కూడా, అందరూ సుఖంగా ఉంటారు, నేను వ్యాను తిప్పుకుని వెళ్లి కుళాయి కట్టేసుకుంటాను. ఈ గంటంతా దేవుడా దేవుడా అని బతిమాలుకున్నది దీని కోసమేగా. వాడు వీపు తిప్పి కారు చుట్టూ తిరుగుతున్నాడు, వెనక చక్రం మీది రెక్కని అరచేత్తో నిమురుతున్నాడు, ఈల వేస్తున్నాడు. ఆ ఈల కూడా చెండాలంగానే ఉంది. మూడు నెలలు తియ్యలేదు అన్న మనిషి, తీశాను అనడం నేర్చుకున్న మనిషి.

"ఒరేయ్. ఆ రోజు నువ్వు కాలు తియ్యలేదు."

"నువ్వు ఓదార్చక్కర్లేదే, నేనిప్పుడు బాగానే..."

"ఓదార్చడం కాదు. ఎడమ నట్టు బిగించలేదు నేను. గీత ముందే గీసేసి, బిగించాననుకుని మీకు ఇచ్చేశా. కారుని పెరట్లోకి తెచ్చాక చూశా, గీత తెగి ఉంది. తుడిచేశా. తుడిచేసి బిగించా. పరీక్షకి వచ్చినాయన చూసేటప్పటికి బిగుతుగా ఉంది. నీకు అబద్ధం చెప్పా, తనకీ అబద్ధమే చెప్పా. నువ్వు తియ్యలేదు."

ఈల ఎప్పుడు ఆగిందో. వాడు రెక్క మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉంది. చాలాసేపు ఆ చెయ్యినే చూశాను, మొహం చూడలేక. "తియ్యలేదు" అన్నాడు, కొత్త భాషలో మాట పలికి చూసుకుంటున్నట్టు. "నాకు కనపడుతుందక్కా, కాలు లేవడం. రోజూ కనపడుతుంది." ఒక మెట్టు మీంచి దిగినట్టు కింద కూర్చుండిపోయాడు, పిట్టగోడకి ఆనుకుని. కుడికాలు ముందుకి చాపి, బూటు వైపు చూశాడు. "అది నువ్వు పెట్టావా నా బుర్రలో?" నేను తల ఊపాను. "నాలుగేళ్లే. తిట్టుకున్నా దీన్ని. నరికెయ్యాలనిపించేది. నువ్వు పక్కనే కూర్చుని పాటలు పాడావు కదే." గొంతు పెరగలేదు. కొడితే బాగుండుననిపించింది, కొట్టలేదు. కింద ఎక్కడో నేను దాటొచ్చిన రాళ్ల లారీ మూలుగుతూ ఎక్కుతోంది. అది వచ్చి, మమ్మల్ని చుట్టుకుని, వెళ్లిపోయింది, డ్రైవరు తల బయటపెట్టి నన్ను గుర్తుపట్టి ఏదో అనబోయి, మా మొహాలు చూసి మానేశాడు.

తమ్ముడు లేచాడు. చెయ్యి చాపాడు. "ఫోను." ఇచ్చాను. ఒక్కో అంకె నొక్కాడు, ఏడాదిగా కలపకపోయినా తడుముకోలేదు. చెవికి పెట్టుకోకుండా నాకే తిరిగి ఇచ్చేశాడు. "నాకెలా చెప్పావో అలాగే చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు." పక్కకి పోలేదు, నా భుజానికి భుజం తగిలేంత దగ్గర నిలబడ్డాడు, వినడానికి. మోగుతోంది. ఎత్తదేమో అనుకున్నాను, ఎత్తకూడదని కోరుకున్నాను, ఒక్క రింగు సేపు మళ్లీ ఆ పాత మనిషినైపోయి, రేపు చెబుదాంలే అనుకున్నాను. అవతల ఫోను ఎత్తిన చప్పుడు. తర్వాత మరదలి గొంతు, హడలిపోతూ, "వదినా? ఆయనకేమైనా అయిందా?" పక్కన వాడి భుజం ఒక్కసారి ఉలిక్కిపడింది.

"బాగానే ఉన్నాడమ్మా" అన్నాను. "ఆ రోజు కూడా బాగానే నడిపాడు."